ఎల్క్ సీజన్‌కు ముందు చేతి జీపీఎస్ కొంటున్నారా? ఇవి చూసుకోండి

కొలరాడోలో రైఫిల్‌తో వేటాడే సీజన్ అక్టోబర్ మధ్యలో మొదలై నవంబర్ మూడో వారం దాకా విడతలవారీగా సాగుతుంది. డెన్వర్ చుట్టుపక్కల మనవాళ్ళలో కూడా డీర్‌కో (జింక), ఎల్క్‌కో (పెద్ద దుప్పి జాతి) ట్యాగ్, అంటే వేటాడే అనుమతి, తీసుకునేవాళ్ళు కనిపిస్తున్నారు. వాళ్ళు మొదట అడిగేది ఏ రైఫిల్ అని, తర్వాత ఏ స్కోప్ అని. జీపీఎస్ సంగతి మాత్రం బయల్దేరే వారం గుర్తొస్తుంది, అప్పుడు ఆన్‌లైన్‌లో ఏది డిస్కౌంట్‌లో ఉంటే అది ఆర్డర్ పెట్టేస్తారు. గురి తప్పితే ఎల్క్ పారిపోతుంది, అంతకంటే ఏమీ కాదు. తొమ్మిది వేల అడుగుల ఎత్తున, మంచు పడుతుండగా, చీకట్లో ట్రక్ ఎటుందో తెలియకపోతే ప్రాణం మీదికొస్తుంది.

జీపీఎస్‌తో వేటలో మీకు పడే పనులు రెండే. మీరు నిలబడ్డ నేల ఎవరిదో తెలియాలి, వచ్చిన దారినే వెనక్కి రాగలగాలి. ఈ రెండూ చలిలో, గ్లవ్స్ వేసుకున్న చేతులతో, అలిసిపోయి ఉన్నప్పుడు కూడా జరగాలి. మిగతా ఫీచర్లన్నీ తర్వాత చూసుకోవచ్చు.

ఫోన్ చాలదా అని అందరూ అడుగుతారు. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడితే పగటిపూట బాగానే పనిచేస్తుంది, నిజం చెప్పాలంటే స్థలాల హద్దులు చూడటానికి ఫోన్ తెరే హాయి. కానీ ఐఫోన్ వాడాల్సిన ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ అని యాపిల్ వాళ్ళే రాసుకున్నారు, నవంబర్‌లో కొండమీద తెల్లవారుజామున మీరు ఉండేది దానికి బాగా కింద. సగం చార్జింగ్ చూపిస్తున్న ఫోన్ ఉన్నట్టుండి ఆరిపోతుంది. అందుకని ఫోన్ ఉండాలి, దాన్ని లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి, దానితో పాటు చేతి జీపీఎస్ కూడా ఉండాలి. ఒకటుంటే రెండోది వద్దనుకోవడం నాకు నచ్చదు.

ఇక కొనేటప్పుడు మొట్టమొదట చూడాల్సింది బ్యాటరీ. గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్, 32ఎక్స్ లాంటివి రెండు డబుల్-ఏ సెల్స్‌తో నడుస్తాయి, కంపెనీ లెక్క ప్రకారం 25 గంటలు వస్తాయి. 2023లో వచ్చిన ఈట్రెక్స్ ఎస్‌ఈ అవే రెండు సెల్స్‌తో 168 గంటలు నడుస్తుందంటారు, కాకపోతే దాని తెర మీద వివరమైన టోపో (ఎత్తుపల్లాలు చూపే) మ్యాపులు రావు, మ్యాప్ కోసం మళ్ళీ ఫోన్ మీదే ఆధారపడాలి. గార్మిన్ జీపీఎస్‌మ్యాప్ 67 లో బ్యాటరీ లోపలే ఉంటుంది, 180 గంటలని చెప్తారు, అంటే వారం రోజుల క్యాంపుకు దాదాపు సరిపోతుంది, కానీ అయిపోతే కొత్త సెల్స్ వేసే వీల్లేదు, పవర్ బ్యాంక్ మోసుకెళ్ళాల్సిందే. డబుల్-ఏ మోడల్ కొంటే మామూలు ఆల్కలైన్ సెల్స్ తీసుకెళ్ళకండి, చలికి అవి తొందరగా నీరసిస్తాయి. మళ్ళీ చార్జింగ్ పెట్టలేని, వాడి పారేసే లిథియం డబుల్-ఏ సెల్స్ మైనస్ 40 దాకా పనిచేస్తాయి, ఖరీదు ఎక్కువే అయినా ఒక జత జీపీఎస్‌లో, ఇంకో జత బ్యాగులో ఉంచండి. సెట్టింగుల్లో బ్యాటరీ రకాన్ని కూడా లిథియం అని మార్చాలి, లేకపోతే ఎంత మిగిలిందో తప్పు చూపిస్తుంది. కంపెనీలు చెప్పే గంటలు తెర వెలుగు తగ్గించి, సాదా సెట్టింగులతో కొలిచినవి కాబట్టి వాటిలో కొంత కోసేసుకుని లెక్క వేసుకోండి.

బటన్లా, టచ్ స్క్రీనా అంటే నేను బటన్లే అంటాను, దీని మీద చాలామందితో వాదించాను కూడా. గార్మిన్ మాంటానా 700 రకానికి అయిదంగుళాల టచ్ తెర ఉంటుంది, కారులో కూర్చుని చూస్తే ముచ్చటేస్తుంది. మంచు కరిగి తెర మీద నీళ్ళు నిలిచినప్పుడు, మందపాటి గ్లవ్స్ ఉన్నప్పుడు బటన్‌కున్న సుఖం అర్థమవుతుంది. షాపుకు వెళ్ళగలిగితే మీ గ్లవ్స్ వెంట తీసుకెళ్ళి, వేసుకుని నొక్కి చూసి కొనండి.

కంపాస్ గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. 22ఎక్స్‌లో ఎలక్ట్రానిక్ కంపాస్ లేదు, 32ఎక్స్‌లో ఉంది. లేని దాంట్లో మీరు నడుస్తున్నప్పుడే దిక్కు సరిగ్గా చూపిస్తుంది, చీకట్లో ఆగి నిలబడి ఎటు వెళ్ళాలా అని చూస్తే ఆ ముల్లును నమ్మడానికి లేదు. ఆ కాస్త డబ్బు తేడా దగ్గర కక్కుర్తి పడొద్దు. కంపాస్ ఉన్నదాన్నయినా సెల్స్ మార్చినప్పుడల్లా, దూర ప్రయాణం చేసి వచ్చాక, కాలిబ్రేట్ చేసుకోవాలి, అంటే దిక్కు సరిగ్గా చూపేలా సరిదిద్దుకోవాలి. అది కూడా ట్రక్‌కు, రైఫిల్‌కు దూరంగా నిలబడి చేయాలి, ఇనుము దగ్గరుంటే ముల్లు పక్కకు లాగుతుంది.

ఇప్పుడు అసలు గొడవంతా ఉన్న చోటికి వద్దాం, స్థలాల హద్దులు. కొలరాడోలో ప్రైవేటు స్థలానికి కంచె ఉండాలనిగానీ బోర్డు పెట్టాలనిగానీ నియమం లేదు, అనుమతి తీసుకునే బాధ్యత వేటకు వెళ్ళేవాడిదే. "తెలియక వచ్చాను సార్" అంటే ఆఫీసర్ వినడు. మామూలు మ్యాపుల్లో నేషనల్ ఫారెస్ట్ ఆకుపచ్చగా, బీఎల్‌ఎం (ఫెడరల్ భూముల శాఖ) భూమి పసుపుగా, ప్రైవేటు తెల్లగా, స్టేట్ భూమి నీలంగా ఉంటుంది. నీలం చూసి అది ప్రభుత్వానిదే కదా అని దిగిపోతారు కొందరు, కానీ కొలరాడోలో స్టేట్ ట్రస్ట్ భూములన్నింట్లో అందరికీ ప్రవేశం లేదు, రాష్ట్ర వన్యప్రాణి శాఖ అయిన పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళు పబ్లిక్ యాక్సెస్ కింద తీసుకున్నవే మనకు. కాబట్టి కొనే జీపీఎస్‌లో భూముల హద్దులు ముందే వస్తాయా, విడిగా చందా కట్టాలా, మీ ట్యాగ్‌లో రాసిన యూనిట్ (మీరు వేటాడాల్సిన ప్రాంతం) నంబరు సరిహద్దు కనిపిస్తుందా, ఇవి అడగండి. పక్క యూనిట్‌లోకి వంద గజాలు వెళ్ళి కాల్చినా మీ ట్యాగ్ అక్కడ చెల్లకపోవచ్చు.

తెర మీద గీత ఎంత సన్నగా ఉన్నా అది సర్వే రాయి కాదని గుర్తుంచుకోవాలి. ఆరుబయట మంచి జీపీఎస్ కూడా మూడు నుంచి అయిదు మీటర్ల తేడా చూపించొచ్చు, దట్టమైన చెట్ల కింద, ఇరుకు లోయల్లో ఇంకా పెరుగుతుంది. ఎల్1, ఎల్5 అనే రెండు శాటిలైట్ సిగ్నల్ బ్యాండ్లూ అందుకునే కొత్త మోడళ్ళు అలాంటి చోట్ల కొంచెం నయం. వయోమింగ్‌లో ఎల్క్ మౌంటెన్ దగ్గర 2021లో మిస్సోరి నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్ళ కేసు మీరు వినే ఉంటారు. అక్కడ పబ్లిక్, ప్రైవేటు స్థలాలు చదరంగం గళ్ళలా ఉంటాయి. వాళ్ళు ఒక పబ్లిక్ గడి మూల నుంచి ఎదుటి పబ్లిక్ గడి మూలకు నిచ్చెన వేసుకుని దాటారు, ప్రైవేటు నేల మీద కాలు పెట్టలేదు. అయినా ఆ ప్రైవేటు గళ్ళ యజమాని కోర్టుకెక్కాడు. చివరికి 2025 మార్చిలో టెన్త్ సర్క్యూట్ ఫెడరల్ అప్పీల్స్ కోర్టు వేటగాళ్ళవైపే తీర్పిచ్చింది, కొలరాడో కూడా ఆ కోర్టు పరిధిలోనిదే. తీర్పు వచ్చింది కదా అని మనమూ నిచ్చెన కొనుక్కోనక్కర్లేదు. వాళ్ళు ఫోన్ మ్యాప్‌తో ఆగకుండా నేలలో పాతిన సర్వే గుర్తును వెతికి చూసుకున్నారు, పైగా కోర్టుల చుట్టూ ఏళ్ళు తిరిగారు. కొత్తవాళ్ళు హద్దు నుంచి ఒక యాభై గజాలు ఇవతలే ఉంటే టెన్షన్ ఉండదు.

అన్నట్టు, హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాలో ఉన్నవాళ్ళు జీపీఎస్ కంటే ముందు ఇది చూసుకోవాలి: ఫెడరల్ చట్టం ప్రకారం మీరు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం దానికున్న మినహాయింపుల్లో ఒకటి. లైసెన్స్ గడువు తీరితే ఆ మినహాయింపూ పోతుంది. ఇందులో సందేహముంటే ఫ్రెండ్‌ను కాదు, లాయర్‌ను అడగండి.

సిగ్నల్ లేనిచోట కబురు పంపే సంగతి. జీపీఎస్‌మ్యాప్ 67ఐ లాంటి వాటిలో ఇన్‌రీచ్ ఉంటుంది, ఇరిడియం శాటిలైట్ల ద్వారా మెసేజ్ పంపొచ్చు, ఎస్ఓఎస్ నొక్కొచ్చు. నెలనెలా చందా కట్టాలి, యాక్టివేట్ చేయకుండా కొండెక్కితే ఆ బటన్ ఉన్నా లేనట్టే, కాబట్టి ఇంటి పెరట్లోనే నిలబడి ఇంట్లోవాళ్ళకు ఒక మెసేజ్ పంపి, వాళ్ళు తిరిగి పంపితే వచ్చిందో లేదో చూసుకోండి. చందా వద్దనుకుంటే పీఎల్‌బీ (పర్సనల్ లొకేటర్ బీకన్) ఉంది, 406 మెగాహెర్ట్జ్ మీద సాయం కోరుతుంది, అమెరికా వాతావరణ సంస్థ ఎన్‌ఓఏఏ దగ్గర పేరు నమోదు చేసుకుంటే చాలు, కాకపోతే మామూలు మెసేజ్‌లు పంపలేరు. ఐఫోన్ 14 నుంచి శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది, మంచిదే, కానీ బ్యాటరీ గురించి పైన చెప్పింది మర్చిపోకండి. ఇంట్లో భార్యో, భర్తో, తమ్ముడో ఉంటారు కదా, మీరు ఏ రోడ్డు చివర ట్రక్ పెడతారు, ఎన్నింటికి తిరిగొస్తారు, రాకపోతే ఎన్నింటికి షెరిఫ్ ఆఫీసుకు ఫోన్ చేయాలి, ఇవన్నీ కాగితం మీద రాసి వాళ్ళ చేతికివ్వండి.

గుంపుగా వెళ్తే అందరి జీపీఎస్‌లలో అక్షాంశ రేఖాంశాలు ఒకే పద్ధతిలో కనిపించేలా పెట్టుకోవాలి. ఒకరి దాంట్లో 39 డిగ్రీల 30.5 నిమిషాలు అని ఉంటుంది, రేడియోలో విన్నవాడు దాన్ని 39.305 డిగ్రీలు అని కొట్టుకుంటాడు, అంతే, ఇరవై కిలోమీటర్లకు పైగా తేడా వచ్చేస్తుంది. పాత యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) కాగితం మ్యాప్ తీసుకెళ్తుంటే దాని మూలన డేటమ్ (అక్షాంశ రేఖాంశాల లెక్కకు ఆధారం) ఏమి రాసుందో చూడండి, ఎన్‌ఏడీ27 అని ఉంటే జీపీఎస్‌లో ఉండే డబ్ల్యూజీఎస్84 తో కలవదు. ఇంత చెప్పి కాగితం మ్యాప్ ఎందుకంటే, దానికి బ్యాటరీ ఉండదు కాబట్టి. మామూలు కంపాస్ కూడా ఒకటి జేబులో వేసుకోండి.

బయల్దేరే రోజు ట్రక్ దిగగానే జీపీఎస్ ఆన్ చేసి ఆకాశం కనిపించే చోట కొన్ని నిమిషాలు వదిలేయండి, వేరే రాష్ట్రం నుంచి వచ్చి మొదటిసారి ఆన్ చేస్తే శాటిలైట్లు దొరకడానికి ఇంకాస్త టైమ్ పడుతుంది. పాత ట్రాక్ (నడిచిన దారి గీత) తుడిచేసి కొత్తది రికార్డ్ అవుతోందని చూసుకుని, ట్రక్‌ను గుర్తు పెట్టండి. తర్వాతది చాలా ముఖ్యం: కాల్చగానే లేచి పరిగెత్తకుండా, కాల్చిన చోటు ముందు మార్క్ చేయండి, ఎల్క్ చివరగా కనిపించిన దిక్కును కంపాస్‌లో చూసుకోండి. రెండొందల గజాలు నడిచి అటు చేరాక ఆ పొదలన్నీ ఒకేలా ఉంటాయి, కాల్చిన చోటే గుర్తుండదు, రక్తపు జాడ ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ చీకటి పడిపోతుంది. ఎల్క్ పడిన చోటు కూడా మార్క్ చేయాలి, మాంసం ఒక విడతలో మోయగలిగేది కాదు, మూడు నాలుగు సార్లు తిరగాలి, చివరి విడత ఎక్కువగా హెడ్‌ల్యాంప్ వెలుగులోనే.

నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, ఆ తర్వాత సాయంత్రం అయిదుకల్లా సూర్యుడు దిగిపోతాడు. జీపీఎస్‌లో సూర్యోదయం, సూర్యాస్తమయం చూపించే పేజీ ఉంటుంది, అదేదో ముందే వెతికి పెట్టుకోండి, సూర్యాస్తమయం అయిన అరగంట తర్వాత కాల్చడం చట్టవిరుద్ధం.

సీజన్ అయిపోయాక డిసెంబర్‌లో హైదరాబాద్‌కో విజయవాడకో వెళ్ళేవాళ్ళు చాలామంది ఉంటారు. ఇన్‌రీచ్ ఉన్న జీపీఎస్‌ను లగేజీలో మర్చిపోయి తీసుకెళ్ళొద్దు. అనుమతి లేకుండా శాటిలైట్ ద్వారా మాట్లాడే, మెసేజ్ పంపే పరికరాలు ఇండియాలో నిషేధం, వాటితో విమానాశ్రయాల్లో దొరికిన విదేశీ పర్యాటకులను పోలీసులు అదుపులోకి తీసుకున్న ఘటనలున్నాయి. ఊళ్ళో బావమరిదికి చూపిద్దామని తీసుకెళ్ళినా అంతే. వేట సంగతి సరే సరి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ అది నేరం. బ్యాగ్ సర్దుకునేటప్పుడు వేట జాకెట్ జేబులు, ట్రెక్కింగ్ బ్యాగ్ పక్క అరలు ఒకసారి తడిమి చూసుకోండి, మడతల్లో ఒక తూటా మిగిలిపోయినా ఎయిర్‌పోర్ట్‌లో అది ఇంకో కేసు.