మొదటిసారి పద్యనాటకానికి వెళ్తున్నారా?

హనుమకొండలో ‘సత్యహరిశ్చంద్ర’ వేస్తున్నారని తెలిస్తే మా బ్యాంకులో కొత్తగా చేరిన పిల్లలు నన్నే అడుగుతారు, “మేడమ్, మాకు అర్థమవుతుందా?” అని. తప్పకుండా అవుతుంది. కాకపోతే సినిమాకు పోయినట్టు నేరుగా పోయి కూర్చుంటే సగమే అందుతుంది. పద్యనాటకానికి ముందు చెవి సిద్ధం కావాలి. అందుకు ఒక సాయంత్రం చాలు.

మొదట కరపత్రం సంపాదించండి, వాట్సాప్‌లో తిరిగే ఫొటో అయినా సరే. హరిశ్చంద్రుడి పాత్రకు ఇద్దరు ముగ్గురు నటుల పేర్లు కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి. ఒకే పాత్రను సీన్ల వారీగా పంచుకోవడం పద్యనాటకంలో ఎప్పటినుంచో ఉన్నదే. సభ సీనులో ఒకరుంటారు, వారణాసిలో ఇంకొకరొస్తారు, కాటిసీనుకు మరొకరు. ‘శ్రీకృష్ణ రాయబారం’లో కృష్ణుడి పాత్రా ఇలాగే మారుతుంది. ఇది తెలియకపోతే రాజు ముఖం మారిందేంటని నాటకమంతా పక్కవాళ్లను అడగాల్సి వస్తుంది. సాధారణంగా బాగా పేరున్న నటుణ్ని కాటిసీనుకు పెడతారు. అంటే అసలు గొంతు వినేది రాత్రి బాగా పొద్దుపోయాక. తొమ్మిదింటికే లేచి వచ్చేద్దామనుకుంటే ఆ రోజు వెళ్లకపోవడమే మంచిది.

పేర్ల పక్కన ఊళ్లు కూడా చూడండి. నాటక సమాజం మన ఊరిదే అయినా చంద్రమతి వేసే ఆవిడ చాలాసార్లు బయటి నుంచి వస్తుంది. మిగతావాళ్లు పగలు బడిలో పాఠాలు చెప్పో, ఆర్టీసీలో డ్యూటీ చేసో రాత్రికి కిరీటం పెట్టుకునేవాళ్లు. చేతికొచ్చేది దారిఖర్చుల మీద కొంచెం. అయినా వందలాది పద్యాలు నోటికి ఉంటాయి. నాకు వాళ్లంటే ఉన్న గౌరవం అక్కడి నుంచే వచ్చింది.

కథ అందరికీ తెలిసిందే. ఇంట్లో చూసుకోవాల్సింది పద్యాలు. నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం. కాటిసీనులో మాత్రం గుర్రం జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలు కలిపి పాడటం ఆనవాయితీ అయిపోయింది. జనం ఎదురుచూసేది వాటికోసమే. ముందురోజు ఆ నాలుగు పద్యాలూ తాత్పర్యంతో ఒకసారి చదవండి. తర్వాత యూట్యూబ్‌లో, హరిశ్చంద్రుడి పాత్రకు పేరుపడ్డ డి.వి.సుబ్బారావు గొంతులో హరిశ్చంద్ర పద్యాలు వినండి. మాట ఎక్కడ విరుస్తారో, రాగం ఎక్కడ తీస్తారో తెలుస్తుంది. నక్షత్రకుడి సీన్లకు ఏమీ చదవక్కర్లేదు, నవ్వు దానంతట అదే వస్తుంది.

ఛందస్సు రాకపోయినా ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. సీసపద్యానికి నాలుగు పెద్ద పాదాలు, వాటి కింద తేటగీతో ఆటవెలదో ఉంటుంది. నాలుగో పాదం చివర నటుడు గొంతెత్తి ఆపగానే కొత్తవాళ్లు చప్పట్లు కొట్టేస్తారు. పద్యం ఇంకా అవ్వలేదు. అంతసేపూ చెప్పుకొచ్చిన దానికి అసలు మాట ఆ కింది గీతిలో పడుతుంది, ఆ తర్వాతే రాగం అందుకుంటాడు. ఉత్పలమాల, మత్తేభం లాంటివైతే నాలుగు పాదాలతో ముగుస్తాయి. ఏది ఏదో తేల్చుకోలేకపోతే తబలా వైపు చూడండి. రాగం ముగిసి తబలా పడ్డాక చప్పట్లు కొడితే ఎప్పుడూ తప్పు కాదు.

పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం అయినా, 2024 నవంబరులో తెరిచిన కాళోజీ కళాక్షేత్రం అయినా ముందు వరసలు అతిథులకే పోతాయి. నాలుగైదు వరసలు వెనక, హార్మోనియం ఉన్న వైపు కూర్చోండి. స్పీకరు బాక్సుకు ఎదురుగా మాత్రం వద్దు. పైశ్రుతిలో పద్యం ఎత్తుకుంటే ఆ బాక్సు చెవులు గింగురుమనిపిస్తుంది.

హార్మోనియం వైపు అని ఎందుకంటున్నానో చెప్తాను. ఒకసారి కాటిసీనులో చంద్రమతికి పద్యం మధ్యలో మాట తట్టలేదు. కొడుకు లోహితాస్యుణ్ని ఒళ్లో పెట్టుకుని తల వంచుకునే ఉంది. హార్మోనియం ఆయన వేలు ఆ స్వరం మీద నుంచి తియ్యలేదు, తిత్తి ఆపలేదు. పెదవులు కదిలీ కదలనట్టు ఒక్క మాట అందించాడు. ఆవిడ అదే స్వరం మీద తల ఎత్తి పద్యం అందుకుంది. అది ఏడుపు దిగమింగుకోవడం అనుకుని నా వెనక ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చి రిహార్సల్ లేకుండా స్టేజీ ఎక్కే నటులను ఒక తాటి మీద నడిపేది ఆ మనిషే. కరపత్రంలో ఆయన పేరు చివర్న చిన్న అక్షరాల్లో వేస్తారు. నాకైతే అది అన్యాయం అనిపిస్తుంది.

కరపత్రంలో ఆరింటికని వేస్తే జ్యోతి వెలిగించడం, ఉపన్యాసాలు, శాలువాలు అయ్యేసరికి ఏడు దాటుతుంది. అలాగని ఆలస్యంగా పోకండి. తెర వెనక అందరూ కలిసి ‘పరబ్రహ్మ పరమేశ్వర’ ప్రార్థన అందుకునేటప్పుడు మీరు సీట్లో ఉండాలి. ఇంట్లో ఏదైనా తిని వెళ్లండి. నేనైతే బ్యాగులో సర్వపిండి పెట్టుకుంటా, మధ్యలో లేవాల్సిన పని ఉండదు.

పద్యం నచ్చితే ‘వన్స్ మోర్’ అనొచ్చు, అది నటుడికి బలం. సభ సీనులో, రాయబారంలో నేనూ గట్టిగానే అంటాను. చచ్చిపోయిన కొడుకును ఒళ్లో పెట్టుకుని తల్లి ఏడుస్తున్నప్పుడు మాత్రం అనకండి. అనేవాళ్లున్నారు, ఆవిడ మళ్లీ పాడుతుంది కూడా, కానీ ఏడుపు తెగిపోతుంది. అలాగే పద్యం నడుస్తుండగా స్టేజీ ఎక్కి నోట్లు చేతిలో పెట్టొద్దు. సీను మారేటప్పుడు నిర్వాహకులకు ఇస్తే మైకులో చదువుతారు. ఇచ్చేదాంట్లో కొంత హార్మోనియానికి, తబలాకు అని విడిగా చెప్పండి. చెప్పకపోతే వాళ్లదాకా రాకపోవచ్చు. టికెట్టు లేని ఆటే ఎక్కువ కాబట్టి సినిమా టికెట్టుకు పెట్టేంత ఇవ్వడం న్యాయం.

నర్సంపేట, పరకాల వైపు పోయేవాళ్లు రాత్రి బస్సు సంగతి ముందే కనుక్కోండి. ఆట అయ్యేసరికి ఆటోలు కూడా పలచబడతాయి, నలుగురు కలిసి పోతే టెన్షన్ ఉండదు.

అయిపోగానే గేటు వైపు పరుగెత్తకుండా స్టేజీ వెనక్కి వెళ్లండి. ఎవరూ ఆపరు. మేకప్ తుడుచుకుంటూ ఉంటారు. బాగా చేశారని ఊరికే అనకుండా ఏ పద్యం నచ్చిందో చెప్పండి, ముఖం వెలిగిపోతుంది. వచ్చే ఆట ఎక్కడో అడిగి నంబరు తీసుకోండి. శివరాత్రి జాగారానికి, జాతరలకు ఊళ్లల్లో వేసే నాటకాలు చాలావరకు పేపర్లో జిల్లా పేజీ దాకా రావు. అవి మనకు తెలిసేది ఈ నంబర్ల వల్లే.