పిల్లల లెక్క తేలాలంటే రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టండి

అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా విశాఖ వీధులన్నీ తిరిగి రిటైరయ్యాను. కొత్తగా చేరిన అమ్మాయిలు ఇప్పటికీ ఫోన్ చేసి అడిగేది ఒకటే: "మేడమ్, మా ఏరియాలో పిల్లల పరిస్థితి ఎలా ఉందో లెక్క ఎలా తీయాలి?"

కుటుంబ సర్వే రిజిస్టరు, దాని పక్కన జనన నమోదు జాబితా పెట్టుకోండి. ఐదేళ్ళలోపు పిల్లల్ని పుట్టిన తేదీ, తల్లి పేరు పట్టి సరిచూడండి. బిడ్డ పేరుతో వెతికితే దొరకరు. నమోదు చేయించేనాటికి చాలామందికి బారసాలే అయ్యుండదు.

సర్వేలో ఉండి జాబితాలో లేని పిల్లలు కనబడగానే కంగారు పడకండి. నేను పడ్డాను. జాలరిపేటలో నమోదు కాని పిల్లలంటూ పెద్ద లిస్టు రాసి మీటింగులో చదివేశాను. తీరా ఇళ్ళకి వెళ్తే, మొదటి ఇంట్లోనే ఆ తల్లి బియ్యం డబ్బా వెనకనుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల కాకినాడ సర్టిఫికెట్. తొలి కాన్పు పుట్టింట్లో కదమ్మా అంది. నా మొహం చూడాలి అప్పుడు! జననం నమోదయ్యేది కాన్పు జరిగిన ఊళ్ళో, కాపురం ఉన్న ఊళ్ళో కాదు. ఇటు విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో పుట్టిన పాడేరు, శ్రీకాకుళం బిడ్డలు నగరం లెక్కలో కలుస్తారు. అందుకే తల్లి నివాసం గడి చూసి మీవాళ్ళని వేరు చేసుకోండి.

నిజంగానే నమోదు కానివాళ్ళు మిగిలితే ఆలస్యం చేయొద్దు. గడువు 21 రోజులు. ఏడాది దాటిందంటే మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకి బళ్ళో చేరడానికి పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే.

జాలరుల ఇళ్ళలో తేదీ గుర్తులేదంటే క్యాలెండర్ చూపించకండి. "వేట నిషేధంలో పుట్టాడా, బోట్లు దిగాకా?" అనండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో చేపల వేట నిషేధం, అక్కణ్ణుంచి వెనక్కీ ముందుకీ లెక్కేయొచ్చు.

చావుల సంగతి కష్టం. "పిల్లలెంతమంది?" అంటే బతికున్నవాళ్ళనే చెబుతారు. "ఈ రెండేళ్ళలో ఎన్ని కాన్పులయ్యాయి?" అని మెల్లగా అడగండి. ఒక్కసారి ఏడ్చి పోయిన బిడ్డకైనా జననం, మరణం రెండూ రాయించాలి. చచ్చి పుట్టిందని ఒక్క ఫారంతో సరిపెట్టేస్తే ఆ శిశు మరణం లెక్కలోకే రాదు.

వార్డు స్థాయిలో వెయ్యి జననాలకి ఇన్ని శిశు మరణాలని రేటు కట్టకండి. 150 జననాల్లో ఒక మరణముంటే రేటు 6.7, రెండైతే 13.3. ఒక్క బిడ్డ తేడాకే అందరికీ టెన్షన్! ఎందరు పుట్టారు, ఎందరు పోయారు, ఎందుకు పోయారు అని విడిగా రాస్తే చాలు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5లో విశాఖ జిల్లా అంకెలున్నాయి కానీ, అవి 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోకముందువి. పాడేరు, అరకు, అనకాపల్లి అన్నీ కలిసున్నాయి. వాడుకుంటే పక్కన "పాత జిల్లా" అని రాసుకోండి. మీటింగులో ఎవరో ఒకరు అడుగుతారు.