బడిలో వాతావరణ కార్యాచరణ – పాఠం 3: తరగతి గది వేడిని కొలుద్దాం

కిందటి పాఠంలో పిల్లలతో కరెంటు బిల్లు చదివించాం. ఈసారి అదే పిల్లలతో తరగతి గదుల వేడి కొలిపిద్దాం.

చాలా బడుల్లో హరిత దళం పని వానాకాలంలో మొక్కలు నాటి ఫొటో దిగడంతో ఆగిపోతోంది. మొక్కలు నాటాల్సిందే. కానీ మార్చిలో రేకుల గదిలో చెమటతో తడిసిపోతున్న పిల్లల మాటేమిటి? "గది బాగా వేడిగా ఉంది సార్" అంటే ఎవరూ కదలరు. ఎంత వేడో, ఏ గదిలో, ఏ వేళకో రాసి చూపిస్తే కాదనలేరు.

ల్యాబ్‌లోని గాజు థర్మామీటర్లు చాలు. ఎర్రటి ద్రవం ఉన్నవే తీసుకోండి, పాదరసానివి పగిలితే ప్రమాదం. జ్వరం చూసేది దీనికి పనికిరాదు.

ముందు వాటన్నిటినీ ఒకే బల్ల మీద అరగంట పక్కపక్కనే ఉంచండి. ఒకటి 31, ఇంకొకటి 32 చూపించవచ్చు. ఆ తేడాను కాగితం ముక్క మీద రాసి ఆ థర్మామీటరుకే అంటించి, ప్రతి రీడింగునూ ఆ మేరకు సరిచేయండి. ఇది వదిలేస్తే కనిపించిన తేడా గదులదో, థర్మామీటర్లదో తేలదు. ఈ అరగంటలో పిల్లలు నేర్చుకునే సైన్స్ మామూలు పాఠంలో దొరకదని నా నమ్మకం.

థర్మామీటరును గోడకు తగిలించకండి, గోడ వేడి కలుస్తుంది. పురికొసతో గది మధ్యలో, ఎండ పడని చోట, కూర్చున్న పిల్లల తల ఎత్తులో వేలాడదీయండి. ఒకటో తరగతి వాళ్లు నేల మీద కూర్చుంటే ఇంకా కిందికి దించాలి. చదివేటప్పుడు ద్రవం అంచు కంటికి సమానంగా ఉండాలి.

ఫ్యాన్ వేస్తే రీడింగ్ తగ్గుతుందని పిల్లలు పందెం కాస్తారు. కాయనివ్వండి. ఫ్యాన్ గాలిని చల్లబరచదు, మన చెమటను త్వరగా ఆర్పుతుంది, అంతే.

వేళ విషయంలో జాగ్రత్త. రేకు ఎండ పడగానే కాగుతుంది. కాంక్రీటు స్లాబు నెమ్మదిగా వేడెక్కి సాయంత్రం దాకా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఒంటిపూట బడిలో పొద్దున పది గంటలకే కొలిచి ఊరుకుంటే స్లాబు గది చల్లగానే ఉందనుకుంటాం. సాయంత్రం అదే గదిలో పదో తరగతి స్టడీ అవర్స్ జరుగుతాయి! అందుకే బడి మొదలయ్యేటప్పుడు, విడిచే ముందు, వీలైతే సాయంత్రం నాలుగింటికి కూడా కొలవాలి. అన్ని గదుల్లో ఒకే సమయానికి.

ఈ లెక్క ఎవరికి చూపించాలి? 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేదీ ఆ కమిటీయే. పైకప్పుకు తెల్లటి పూత కావాలని ఆ ప్రణాళికలో రాయించవచ్చు. ఎండను వెనక్కి కొట్టే ఇలాంటి పైకప్పుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్నే తెచ్చింది. అక్కడి టీచర్లు అర్జీలో ఆ విధానాన్ని పేరుతో సహా ప్రస్తావించాలి.

ఈ వారం పని: బడిలో అన్నిటికంటే వేడి అనిపించే గదినీ, చల్లగా అనిపించే గదినీ పిల్లల చేతే ఎంపిక చేయించండి. ఐదు రోజులు కొలిచి, పట్టికను నోటీసు బోర్డు మీద పెట్టండి. గదుల్లో సగానికి పూత వేయించి, మిగతా సగంతో పోల్చడం వచ్చే పాఠంలో.