దసరా సర్వీసులో జెడ్ మోటార్ విప్పుతున్నారా? ముందు హెడ్ కింద దిమ్మ పెట్టండి

దసరా దగ్గర పడిందంటే బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్ షెడ్లలో మెషిన్లు ఆపి కడిగి, ఏడాదంతా వాయిదా వేసిన పనులన్నీ ఆ ఒకటి రెండు రోజుల్లోనే తేల్చేయాలని చూస్తారు. ఆ లిస్టులో వీఎంసీ (కంప్యూటర్ కంట్రోల్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషిన్) జెడ్ మోటార్, అంటే స్పిండిల్ ఉన్న హెడ్‌ను పైకీ కిందికీ నడిపే మోటార్, విప్పడం కూడా ఉంటే కాస్త ఆగండి.

హెడ్‌ను పైన పట్టి ఉంచే బ్రేక్ ఆ మోటార్ లోపలే ఉంటుంది. మోటార్ తిప్పితే హెడ్‌ను కదిపే మర, అదే బాల్‌స్క్రూ, దానంతట అది బరువు ఆపదు, తిరిగిపోతుంది. మెయిన్ ఆపేశాం, బ్రేక్ పడింది, ఇంకేముంది అనుకుని మోటార్‌ను స్క్రూకు కలిపే కప్లింగ్ వదులు చేశారో, హెడ్ మొత్తం టేబుల్ మీదికి వస్తుంది. హెడ్‌కు ఎదురు తూగే కౌంటర్ వెయిట్ ఉన్న మెషిన్ అయినా సరే ధీమా వద్దు, ఏ వైపు బరువు ఎక్కువుంటే అటు కదులుతుంది.

టూల్ తీసేసి, గట్టి చెక్క దిమ్మ టేబుల్ మీద పెట్టి, హ్యాండ్‌వీల్‌తో హెడ్‌ను మెల్లగా దించుతూ మోటార్ మీది భారం చూపే లోడ్ మీటర్ మీద ఓ కన్నేయండి, దిమ్మకు ఆనగానే రీడింగ్ మారుతుంది, అక్కడ ఆపేయండి. దిమ్మ హెడ్ క్యాస్టింగ్ కింద ఉండాలి, స్పిండిల్ ముక్కు కింద కాదు, బేరింగులు దెబ్బతింటాయి. ఆ తర్వాతే మెయిన్ ఆపి, తాళం వేసి, చెవి జేబులో వేసుకోండి.

ఈ బ్రేక్ సాధారణంగా స్ప్రింగ్‌తో పడుతుంది, 24 వోల్టుల డీసీ ఇస్తే వదులుతుంది. నిలబెట్టడానికే తప్ప పరుగులో ఉన్న యాక్సిస్‌ను ఆపడానికి కాదు, అలా వాడితే లైనింగ్ అరిగిపోతుంది. 300 కిలోల హెడ్, 10 మి.మీ. లీడ్ (ఒక్క చుట్టుకు కదిలే దూరం) ఉన్న స్క్రూ, డైరెక్ట్ కప్లింగ్ అనుకుంటే మోటార్ షాఫ్ట్ మీద సుమారు 4.7 న్యూటన్ మీటర్ల టార్క్ ఎప్పుడూ ఉంటుంది. బ్రేక్ రేటింగ్ అంతకంటే ఎక్కువే ఉంటుంది గానీ, షాఫ్ట్ సీలు పోయి లోపలికి నూనె చేరితే ఆ రేటింగ్ కాగితం మీదే మిగులుతుంది. విప్పినప్పుడు లోపల జిడ్డు కనబడితే థిన్నర్‌తో తుడిచి మళ్లీ బిగించే తెలివితేటలు వద్దు, మార్చండి.

ఎమర్జెన్సీ నొక్కినప్పుడు హెడ్ టక్కున కాస్త దిగుతుంటే బ్రేక్ పాడైందని వెంటనే అనకండి. బ్రేక్ పట్టేలోపే సర్వో (మోటార్‌కు కరెంటిచ్చి పట్టి ఉంచే డ్రైవ్) వదిలేస్తుండొచ్చు. ఫానుక్ కంట్రోలర్‌లో, బ్రేక్ పట్టేదాకా సర్వోను వదలకుండా ఉంచే టైమర్ 2083 పారామీటర్, దాన్ని పనిచేయించేది 2005లో ఆరో బిట్. బ్రేక్ కాయిల్‌కు ఎవరైనా వేరిస్టర్ (కరెంటు ఆపినప్పుడు వచ్చే వోల్టేజీ పోటును అణిచేది) బదులు మామూలు డయోడ్ కట్టినా బ్రేక్ ఆలస్యంగా పడుతుంది, రిపేరు చేసిన ప్యానెళ్లలో ఇది చూసుకోవాలి. బ్రేక్‌కు కరెంటిచ్చే రిలే కాంటాక్టులు అంటుకుపోతే అసలు పడనే పడదు.

బిగించాక సర్వో ఆన్ చేసి, హెడ్‌ను హ్యాండ్‌వీల్‌తో దిమ్మ నుంచి రెండు మిల్లీమీటర్లే లేపి, డయల్ గేజ్ ఆనించి ఎమర్జెన్సీ నొక్కండి. ముల్లు కాస్త కదిలి ఆగితే రీడింగ్ రాసి పెట్టుకోండి, వచ్చేసారి పోల్చుకోవచ్చు. ఆగకుండా పాకుతుంటే మాత్రం దిమ్మ తియ్యొద్దు, ఎవరి చెయ్యీ హెడ్ కిందికి పోనివ్వొద్దు.