నాన్న సమాధికి రాయి చేయించాం: మీరు చేయించేటప్పుడు చూసుకోవాల్సినవి

ముందు ఒక మాట, ఎవరెంత తొందరపెట్టినా ఆగండి. నాన్నను బెంగళూరు హోసూరు రోడ్డు పక్క సమాధుల తోటలో పెట్టి పది రోజులు కాకముందే బంధువులు "నలభయ్యో రోజు కూడికకల్లా రాయి పెట్టించేయండి" అని మొదలుపెట్టారు. ప్రేమతోనే అన్నారు, కానీ తవ్వి పూడ్చిన మట్టి అంత త్వరగా గట్టిపడదు. ఒక వానాకాలం తడిసి, కుంగి, సర్దుకోవాలి. అంతలోపే పైన బరువు పెడితే ఒక పక్కకి ఒరుగుతుంది, కింద కట్టిన దిమ్మె పగులుతుంది. ఆరు నెలలకు తగ్గకుండా ఆగండి, ఏడాది ఆగితే ఇంకా మంచిది. బెంగళూరులో మే నుంచి అక్టోబరు దాకా వానలు పడుతూనే ఉంటాయి కాబట్టి ఆ వానలు అయ్యాక పెట్టించాలనుకుని మొదటి వర్ధంతికి ముహూర్తం పెట్టుకున్నాం. అప్పటిదాకా పేరు రాసిన చెక్క సిలువ ఉంటే చాలు, అదేమీ తక్కువ కాదు.

ఈ ఆగే రోజుల్లో చేయాల్సిన పని ఒకటుంది. తోట కమిటీ దగ్గరికో, సంఘ కాపరి దగ్గరికో వెళ్లి రూల్స్ అడగండి. ఒక్కో తోటది ఒక్కో పద్ధతి. రాయి ఎంత ఎత్తు ఉండొచ్చు, చుట్టూ గట్టు కట్టనిస్తారా, ఆ స్థలం మీకు శాశ్వతంగా ఇచ్చారా లేక కొన్నేళ్ల తర్వాత తిరిగి వాడతారా, అదే సమాధిలో తర్వాత కుటుంబంలో ఇంకొకరిని పెట్టనిస్తారా, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. ఊళ్లో మన పొలంలో మనం సమాధి కట్టుకున్నట్టు ఇక్కడ కుదరదు, కల్పల్లి తోట అయినా హోసూరు రోడ్డు తోట అయినా స్థలం చాలా ఇరుకు. రాయి తయారయ్యాక "ఇంత వెడల్పు కుదరదు" అంటే కోయించడం తప్ప దారి ఉండదు.

ఇక రాయి విషయం. బెంగళూరులో ఉన్నవాళ్లకి ఇందులో కష్టం లేదు, జిగణి వైపు వెళ్తే రోడ్డు పొడుగునా గ్రానైట్ యార్డులే. చామరాజనగర్, కనకపుర వైపు నల్లరాయి, మన చీమకుర్తి నుంచి వచ్చే, నల్లరాయిలో మెరుపు చుక్కలుండే గెలాక్సీ, ఇంకా బూడిదరంగు, గోధుమరంగు రకాలు అన్నీ కళ్లముందే ఉంటాయి. ఫోన్లో ఫోటో చూసి ఆర్డర్ ఇవ్వకండి, ఒక పూట పెట్టుకుని వెళ్లి చేత్తో తాకి చూడండి. పాలరాయి వద్దనే చెప్తాను. తెల్లగా అందంగా ఉంటుంది నిజమే, కానీ అది సున్నపు జాతి రాయి, వాన నీటిలో ఉండే కొద్దిపాటి ఆమ్లానికే ఏళ్ల తరబడి కరుగుతూ ఉంటుంది. పాత తోటల్లో పాలరాయి మీది పేర్లు చదవాలంటే వేలితో తడిమి చూడాల్సి వస్తుంది.

గెలాక్సీ మెరుస్తుంది, చాలామందికి నచ్చుతుంది కూడా, కాకపోతే ఆ చుక్కల మీద సన్నని అక్షరాలు, ముఖాలు సరిగా కనబడవు. పేరు దూరం నుంచి చదవగలగాలంటే చుక్కల్లేని నల్లరాయి, పాలిష్ చేసింది, అన్నిటికంటే బాగుంటుంది. చెక్కిన చోట లేత బూడిదరంగు బయటపడుతుంది కాబట్టి రంగు వేయకపోయినా అక్షరం కనబడుతుంది. నల్లరాయి అని చెప్పి బూడిద రాయికి రంగు పట్టించి అమ్మేవాళ్లూ ఉన్నారు. తెల్ల దూది మీద గోళ్ల రంగు తీసే అసిటోన్ వేసి రాయి మీద గట్టిగా రుద్దండి, దూది నల్లబడితే ఆ రాయి వద్దు. పాలిష్ లేని వెనక వైపు నాలుగు చుక్కల నీళ్లు పోసి చూడండి, వెంటనే పీల్చేసుకుంటే అదీ మంచి గుర్తు కాదు.

మందం దగ్గర మోసపోకండి. వంటగది గట్టుకి వేసే రాయి ఇరవై మిల్లీమీటర్ల లోపే ఉంటుంది, అది దిమ్మె మీద పడుకోబెట్టి అతికించడానికి పనికొస్తుంది గానీ నిలబెట్టే రాయికి పనికిరాదు. నిలబెట్టేదానికి మూడు నాలుగు అంగుళాలు ఉండాలి. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, నాలుగంగుళాల మందం అనుకుంటే అది రెండు ఘనపుటడుగుల రాయి, నల్లరాయి ఘనపుటడుగు సుమారు 85 కిలోలు తూగుతుంది, అంటే దాదాపు 170 కిలోలు. తోట గేటు నుంచి మీ సమాధి దాకా లోపల సందుల్లో దాన్ని మోసుకెళ్లాలి. ఆ కూలి ఎవరిదో ముందే మాట్లాడుకోండి. కొటేషన్‌లో రాయికి, కోతకి, అక్షరాలకి, రవాణాకి, బిగింపుకి, జీఎస్టీకి విడివిడిగా రాయమనండి. అక్షరానికి ఇంత అని లెక్క చెప్తే తెలుగులో ఎలా లెక్కపెడతారో అడగండి, "స్త్రీ" ఒక అక్షరమా మూడక్షరాలా అన్నది ముందే తేలిపోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మెరుపు కంటే, సైజు కంటే, చెక్కిన లోతు ముఖ్యం. బేగూరు నాగేశ్వర గుడి దగ్గర సుమారు 890 నాటి వీరగల్లు శాసనం ఒకటి ఉంది, "బెంగళూరు" అన్న పేరు కనబడే పాత శాసనం అదే. ఒక యుద్ధంలో చనిపోయిన మనుషుల కోసం వేసిన రాయి అది. పదకొండు వందల ఏళ్ల తర్వాత కూడా చదవగలుగుతున్నారంటే ఉలి లోపలికి దిగింది కాబట్టే. మన రాయి వెయ్యేళ్లు ఉండక్కర్లేదు, మనవళ్ల పిల్లలు చదవగలిగితే చాలు, దానికైనా లోతు కావాలి.

మామూలుగా మూడు పద్ధతులు దొరుకుతాయి. లేజర్‌తో గీసేది పాలిష్ పైపొరను మాత్రమే తెల్లగా చేస్తుంది, ముఖం బొమ్మకి సరిపోతుంది, పేరుకి చాలదు. ఉలితో చేత్తో చెక్కేవాళ్లు దొరికితే అదృష్టమే, కానీ వాళ్లకి తెలుగు రాయడం వచ్చి ఉండాలి. మూడోది సాండ్ బ్లాస్టింగ్, మేం చేయించింది అదే. రాయి మీద రబ్బరు షీటు అతికించి, మెషిన్‌తో అక్షరాల ఆకారం కోసి, ఆ ముక్కలు పీకేసి, ఇసుకలాంటి గరుకు పొడిని గాలితో బలంగా కొడతారు, తెరిచిన చోట రాయి తరుగుతుంది. "ఎన్ని మిల్లీమీటర్ల లోతు" అని అడిగి, నమూనా ముక్క మీద గోరు పెట్టి చూసుకోండి. ఆ గాడిలో గోరు దిగి ఆగాలి.

తెలుగుకి ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది. వర్క్‌షాపులో కూర్చునే డిజైనర్‌కి సాధారణంగా తెలుగు రాదు. మేం ఫోన్లో టైప్ చేసి పంపిన మాటలు వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో అతికించగానే విడిపోయాయి, "జ్ఞాపకార్థం"లో ఞ వత్తు కింద నుంచి జారి పక్కన వచ్చి కూర్చుంది. దాన్ని సరిచేయమంటే ఆ అబ్బాయి మంచి మనసుతోనే తనకు తెలిసిన కన్నడ అక్షరాలు పెట్టేశాడు. రెండు లిపులూ దగ్గరివే, చూపుకి ఒకలాగే ఉంటాయి, కానీ మన తలకట్టు టిక్కు మార్కులా పైకి లేస్తుంది, కన్నడ తలకట్టు అడ్డంగా సాగి చివర వంపు తిరుగుతుంది. బెంగళూరులో ఈ పొరపాటు జరగడం చాలా సులువు. అందుకని మాటలు టైప్ చేసి పంపకండి. ఇంట్లోనే తెలుగు ఫాంట్‌లో సెట్ చేసి పీడీఎఫ్ చేయండి, డిజైన్ పని తెలిసినవాళ్లుంటే అక్షరాలను గీతలుగా (అవుట్‌లైన్లుగా) మార్పించి ఇవ్వండి. వాట్సాప్‌లో పంపితే ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. సన్నని గీతల ఫాంట్లు రాయి మీద నిలవవు. రామభద్ర, మండలి లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, మేం పేరుకి రామభద్ర, మిగతాదానికి మండలి వాడాం. పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషుకి వదిలినంత సందు వరసల మధ్య వదిలితే చాలదు, అక్షరం ఎంత ఎత్తుందో దాదాపు అంత వదలండి.

ఆ తర్వాత ప్రూఫ్‌ను రాయి సైజులోనే కాగితం మీద ప్రింట్ తీయించి గోడకి అతికించండి. ఇంట్లో తెలుగు బాగా చదివే పెద్దవాళ్లతో ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివించండి. మా అత్తయ్య కళ్లద్దాలు పెట్టుకుని చదివి మేమెవరం గమనించని ఒక తప్పు పట్టింది. రబ్బరు షీటు అతికించాక మళ్లీ వెళ్లి చూడండి, ఇది మాత్రం మానకండి. "థ" కడుపులో చుక్క ఉంటుంది కదా, ఆ చిన్న రబ్బరు ముక్క పీకడం మర్చిపోతే రాయి మీద అది "ధ" అయిపోతుంది. సున్నా మధ్యలో ఉండాల్సిన గుండ్రటి ముక్క ఊడిపోతే సున్నా కాస్తా మచ్చ అవుతుంది. మా రాయిలో థ చుక్క నిజంగానే పడలేదు, యార్డులోనే చూశాం కాబట్టి అక్కడున్న పెద్దాయన ఉలితో రెండు నిమిషాల్లో పెట్టేశారు. చేర్చడం కుదురుతుంది, తీసేయడం కుదరదు. మా బాబాయి రాయి మీద ఇంటిపేరులో "ళ్ల" ఉండాల్సిన చోట "ల్ల" చెక్కారు, ఇంకో వర్క్‌షాపు అది. "ఎవరు చూస్తారు మేడమ్" అన్నారు. పిన్ని చూస్తుంది, వెళ్లిన ప్రతిసారీ చూస్తుంది. ముందు భాగమంతా అరగదీసి, మళ్లీ పాలిష్ పట్టి, మొదటి నుంచి చెక్కాల్సి వచ్చింది, ఆ ఖర్చు మేమే పెట్టుకున్నాం. అందుకే మీరు సంతకం చేసిన ప్రూఫ్‌కి తేడా వస్తే బాధ్యత వాళ్లదేనని బిల్లు మీద రాయించుకోండి.

ఏం రాయించాలి అన్నది కుటుంబమంతా కూర్చుని తేల్చుకోవాల్సింది. పుట్టిన తేదీ మన ఇళ్లలో పెద్ద చిక్కు. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన తేదీ ఒకటి, నిజంగా పుట్టింది ఇంకొకటి. నాన్న సర్టిఫికెట్‌లో జులై 1 ఉంది, ఆయన పుట్టింది మాత్రం క్రిస్మస్‌కి ముందు వారమని అత్తయ్యకి బాగా గుర్తు. ఆధార్‌కి సరిపోవాలని రాయి మీద రూలేమీ లేదు. మేం అత్తయ్య మాటే రాయించాం. ఇంటిపేరు పొడి అక్షరం కాకుండా పూర్తిగా రాయించండి, కర్ణాటకలో పుట్టిన పిల్లలకి ఆ ఒక్క ఇంగ్లీషు అక్షరం వెనక ఏముందో ఈ రాయి మీదే తెలియాలి. అంకెలు 1951 అని మామూలువే వేయించండి, తెలుగు అంకెలు మనవాళ్లలోనే చాలామంది చదవలేరు. మనవలు బడిలో కన్నడ, ఇంగ్లీషు చదువుతున్నారు కాబట్టి పేరు పైన పెద్దగా తెలుగులో, కింద చిన్నగా ఇంగ్లీషులో పెట్టించాం. బైబిలు వాక్యం మొత్తం రాయిస్తే చోటు నిండిపోతుంది, "కీర్తనలు 23" అని చిన్నగా వేస్తే తెలిసినవాళ్లకి అర్థమవుతుంది.

ఆయనదే అనిపించేది ఒక్కటి చాలు. సిలువ, పావురం, దీపం, పూలతీగ, పుస్తకం అన్నీ కేటలాగ్‌లో ఉంటాయి, అన్నీ పెట్టిస్తే అది ఎవరి రాయైనా కావచ్చు. మా నాన్న టైలరు. కత్తెర బొమ్మ పెట్టిద్దామని తమ్ముడన్నాడు, బాగానే ఉంది, కానీ చివరికి ఆయన కొలతల పుస్తకం తీశాం. ప్రతి పేజీ కింద తెలుగులో సంతకం, చివరి "య" తోక సాగదీసి దాని కింద నుంచే వెనక్కి ఒక గీత లాగేవారు, గుడ్డ అంచు కుట్టినట్టు. అదే చెక్కించాం, పేరు కింద, అరచేయంత వెడల్పున. మీరూ అలాంటిది వెతకాలనుకుంటే బ్యాంకు పాస్‌బుక్ ఫారాలు, బైబిలు మొదటి పేజీ, పాత ఉత్తరాలు చూడండి. ఫోన్‌తో వంకరగా ఫోటో తీయకుండా జిరాక్స్ షాపులో 600 డీపీఐకి స్కాన్ చేయించండి. గీత మరీ సన్నగా ఉంటే కొంచెం లావు చేయమనండి గానీ వంపులు "సరిచేయనివ్వకండి".

ముఖం బొమ్మ పెట్టించాలనుకుంటే పాస్‌పోర్ట్ ఫోటో ఇవ్వకండి. ఒక పక్క నుంచి వెలుతురు పడిన, కళ్లు స్పష్టంగా ఉన్న ఫోటో కావాలి. ఎప్పుడూ వేసుకోని కోటు, టై కంప్యూటర్‌లో తొడిగిస్తామంటారు, వద్దని చెప్పండి. రంగు ఫోటో కావాలంటే బట్టీలో కాల్చిన పింగాణీ పలక మీదే వేయించండి, స్టిక్కర్ ప్రింటు ఎండకి తెల్లబోతుంది.

బిగించే రోజు మీరు అక్కడ ఉండండి. కింద కాంక్రీటు దిమ్మె, రాయికి దిమ్మెకి మధ్య స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు, ఎపాక్సీ జిగురు ఉండాలి. మామూలు ఇనుప చువ్వ పెడితే తుప్పు పట్టి ఉబ్బి రాయినే చీలుస్తుంది. అడుగున ఎనిమిది అంగుళాలు అక్షరాల్లేకుండా వదిలించండి, మట్టి, గడ్డి పైకి వస్తూనే ఉంటాయి.

కడగడానికి నీళ్లు, మెత్తని బ్రష్ చాలు, మరీ మురికైతే ఒక చుక్క గిన్నెల సబ్బు. బాత్రూమ్ యాసిడ్, ఇనుప పీచు ముట్టనివ్వకండి. నవంబరు 2న, సమాధుల పండుగకి, తోటలో సున్నం వేసే కుర్రాళ్లు వస్తారు, రాయి మీద వేయొద్దని ముందే చెప్పండి, అక్షరాల గాడిలో దిగితే తీయడం నరకం. కొవ్వొత్తులు రాయి మీద కాకుండా కింద మట్టి పళ్లెంలో పెట్టండి. మైనం కారితే చల్లారాక ప్లాస్టిక్ కార్డుతో గీకితే వచ్చేస్తుంది.

చివరి పని, ఫైళ్లు దాచడం. పీడీఎఫ్, సంతకం స్కాన్, ఫాంట్ల పేర్లు, చెక్కిన లోతు రాసిన బిల్లు, తోట కమిటీ రసీదు, అన్నీ ఒక కవర్లో పెట్టండి. తర్వాత ఇంకో పేరు చేర్చాల్సి వచ్చినప్పుడు అక్షరాలు మొదటివాటితో కలవాలంటే ఇవి కావాలి. మా రాయి కింద సగం ఖాళీగా వదలాలా అని అమ్మని అడగడానికి నోరు రాలేదు, ఆవిడే "నాకూ చోటుంచండి" అంది. తన పేరు, ఇంటిపేరుతో సహా, పుట్టిన తేదీ, తన చేత్తోనే ఒక కాగితం మీద రాసి ఆ కవర్లో పెట్టింది.