స్కూబా డైవింగ్: సింగిల్ ట్యాంకుకి బ్యాక్‌ప్లేట్ (వీపుకి ఆనే లోహపు పలక), వింగ్ (గాలి నింపే సంచి) బిగించే ముందు

☐ ట్యాంకు పట్టీలు తడిపారా? అన్నిటికంటే ముందు ఇదే. పొడి నైలాన్‌ని ఎంత లాగి బిగించినా నీళ్లలో కాస్త సాగుతుంది, ట్యాంకు మెల్లగా కిందికి జారుతుంది. బకెట్లో ముంచి, అప్పుడు బిగించండి. తర్వాత ప్లేటు పై అంచు పట్టుకుని ఎత్తి కుదపండి. ట్యాంకు ఏమాత్రం జారినా మళ్లీ మొదటికే.

☐ వరుస: వీపుకి ప్లేటు, మధ్యలో వింగ్, వెనక ట్యాంకు. పట్టీలు రెండూ ప్లేటులోంచీ వింగ్‌లోంచీ దూరాలి.

☐ వింగ్‌ని బిర్రుగా ఊది అరగంట వదిలేయండి. మెత్తబడితే ఆ రోజుకి డైవ్ లేనట్టే. ఇన్‌ఫ్లేటర్ (వింగ్‌లోకి గాలి పంపే గొట్టం) బటన్ నొక్కి వదలగానే పైకి రావాలి. ఇసుక, ఉప్పు చేరితే ఇరుక్కుంటుంది.

☐ హార్నెస్ (ప్లేటుని ఒంటికి పట్టి ఉంచే పట్టీలు) కొలత వెట్‌సూట్ మీదే చూసుకోండి, టీషర్టు మీద కాదు. చెయ్యి వెనక్కి పెడితే ట్యాంకు వాల్వ్ అందాలి.

☐ కాళ్ల మధ్య పట్టీ కొసనున్న లూప్‌లోంచి నడుము పట్టీ దూర్చాకే బకిల్ పెట్టాలి. హడావిడిలో అందరూ మరిచేది ఇదే.

☐ స్టీలు ప్లేటే సుమారు రెండున్నర, మూడు కిలోలుంటుంది. మునగడానికి పెట్టుకునే సీసం బరువులు ఆ మేరకు తగ్గించండి. అల్యూమినియం 80 ట్యాంకు (సుమారు 80 ఘనపుటడుగుల గాలి పట్టేది) మాత్రం ఖాళీ అయ్యేసరికి తేలుతుంది, అదీ లెక్కలో వేసుకోండి.