గిట్ చూపే పేర్లలో తికమక లేకుండా చేసుకోవడం

హనుమకొండలో నలుగురం కలిసి ఎనుమాముల మార్కెట్ అడ్తిదారుల కోసం బిల్లుల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. కోడ్‌లో ఎప్పుడు ఏం మారిందో గుర్తుపెట్టుకునే గిట్‌లో దాన్ని ఉంచుతాం. తక్‌పట్టీ (రైతుకు ఇచ్చే అమ్మకం చీటీ) నమూనాల ఫైళ్లకు తెలుగులోనే పేర్లు పెట్టాం. కొత్తగా చేరిన తమ్ముడు మొదటి రోజు, మారిన ఫైళ్ల జాబితా చూపే గిట్ స్టేటస్ కొట్టి, “అన్నా, ఇవేం ఫైళ్లో సమజైతలేదు” అన్నాడు. తక్‌పట్టీ అని ఉండాల్సిన చోట 340, 260, 244 అంటూ అంకెల వరస ఉంది. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. గిట్ వాటిని మామూలు అక్షరాలుగా లెక్కగట్టక ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా లెక్కించే) అంకెల్లో చూపిస్తుంది. ఫైలుకేం కాలేదు. గిట్ కాన్ఫిగ్‌లో కోర్ డాట్ కోట్‌పాత్‌ను గ్లోబల్‌గా ఫాల్స్ చేస్తే తెలుగు పేరు తెలుగులోనే కనిపిస్తుంది.

తర్వాత, ఏం మారిందో చూపే డిఫ్. రెండు వైపులకూ అది వేసే ఏ, బీ అక్షరాలను బట్టి దేనితో దేన్ని పోలుస్తుందో తెలియదు. డిఫ్ డాట్ నెమోనిక్‌ప్రిఫిక్స్‌ను ట్రూ చేయండి. అప్పుడు మామూలు డిఫ్‌లో ఐ, డబ్ల్యూ వస్తాయి. ఐ అంటే తర్వాత దాచడానికి యాడ్ చేసి పెట్టిన ఇండెక్స్, డబ్ల్యూ అంటే ఫోల్డర్‌లో ఉన్న ఫైలు. క్యాష్‌డ్ అని అడిగితే సీ, ఐ వస్తాయి, సీ అంటే కమిట్, అంటే గిట్‌లో ఖాయం చేసి దాచినది.

అసలు టెన్షన్ పెట్టేవి, రెండు మార్పులు ఒకేచోట ఢీకొన్నప్పుడు (కాన్‌ఫ్లిక్ట్) ఏది ఉంచాలో చెప్పే అవర్స్, దెయిర్స్. పోయిన మిర్చి సీజన్‌లో రీబేస్ (నా కమిట్లను ప్రధాన కోడ్ శాఖ, అంటే మెయిన్ బ్రాంచ్ మీదకు మార్చడం) మధ్యలో కాన్‌ఫ్లిక్ట్ వస్తే, అవర్స్ అంటే నాదే కదా అని దాన్నే ఎంచుకున్నాను. రెండు రోజులు కూర్చొని రాసిన కమీషన్ లెక్క పోయింది. టెస్ట్ ప్రింట్‌లో పాత లెక్క కనబడేదాకా గమనించలేదు. గిట్ పాత కదలికలను రాసిపెట్టుకునే రీఫ్లాగ్‌లో పాత కమిట్ ఉండబట్టి మళ్లీ తెచ్చుకోగలిగాను.

రెండు బ్రాంచ్‌లను కలిపే మెర్జ్‌లో అవర్స్ అంటే మీరున్న బ్రాంచే. రీబేస్‌లో మాత్రం గిట్ ముందుగా మెయిన్ బ్రాంచ్ మీదకు వెళ్లి నిలబడి, మీ కమిట్లను ఒక్కొక్కటిగా తెచ్చి దానిపై పేరుస్తుంది. కాబట్టి అప్పుడు అవర్స్ మెయిన్‌ది, దెయిర్స్ మీది. కాన్‌ఫ్లిక్ట్ గుర్తుల్లో కూడా పైన హెడ్ అని ఉన్నది మెయిన్, కింద ఉన్నది మీ కమిట్. ఆ రెండు మాటలను నమ్ముకోకుండా, ఫైలు తెరిచి పైనున్న పేరు, కిందున్న పేరు చదివాకే ఎంచుకోండి.

మెర్జ్ డాట్ కాన్‌ఫ్లిక్ట్‌స్టైల్‌ను జడ్‌డిఫ్3కి మార్చండి. ఇది గిట్ 2.35 నుంచి ఉంది, అంతకన్నా పాతదైతే డిఫ్3 పెట్టండి. రెండు మార్పుల మధ్యలో, ఎవరూ ముట్టుకోకముందు ఆ వరుస ఎలా ఉందో కూడా కనిపిస్తుంది. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన సెట్టింగ్ ఇదే. ఎవరు ఏం మార్చారో ఊహించాల్సిన పని ఉండదు.

ఇక మిగిలింది మన చేతిలోనే ఉంది. మెర్జ్‌లో కింది గుర్తు పక్కన మీరిచ్చిన బ్రాంచ్ పేరు పడుతుంది, రీబేస్‌లో మీ కమిట్ మెసేజ్ మొదటి వరుస పడుతుంది. అందుకే మా దగ్గర ఉత్త ‘ఫిక్స్’ అని రాసిన కమిట్‌ను రివ్యూలోనే వెనక్కి పంపుతున్నాం. ‘మిర్చి కమీషన్ లెక్క సవరణ’ అని రాసిన కమిట్‌కు కాన్‌ఫ్లిక్ట్ వస్తే, కింది భాగం ఎవరిదో, దేనికోసమో ఆ తమ్ముడు కూడా ఎవరినీ అడగకుండానే చెబుతున్నాడు.